మైళ్ల జమాఖర్చు

జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, హక్కు - ఈ మాటలన్నియు అరబ్బీ, పారసీ భాషలనుండి ఉర్దూ ద్వారా మన తెలుగునకు సంక్రమించినవి. జహీరాబాదు సంతలో అల్లము, ఆలుగడ్డ అమ్ముకొనే రైతు వీటిని పరాయి మాటలుగా తలంచడు. అవి అతని సొంత సొత్తు. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదువుకొనే ఈ కళాశాల వార్షిక సంచికలో లెక్కను గురించిన వ్యాసమునకు ఇంతకన్న తగిన నాంది దొరకదేమో. అయితే నేడు నేను చెప్పబోయే లెక్క రూపాయలది కాదు. ఆకాశమార్గమున మనవారు ప్రయాణించిన మైళ్లది. ఆ మైళ్లకు కూడ ఒక ఖాతా ఉన్నదనియు, అందులో మన పేర జమ కావలసినది ఏండ్ల తరబడి జమ కాకుండ పోవుచున్నదనియు మనలో ఎందరికి తెలియును?

హైదరాబాదు-ముంబయి జాతీయ రహదారిపై వెలసిన మన పట్టణమునుండి శంషాబాదు విమానాశ్రయము వంద కిలోమీటర్లకు పైబడిన దూరము. అయినను ఆ దారి మనకు కొత్తది కాదు. జిద్దా, రియాద్, దుబాయి, దోహా, మస్కటు అనే పేర్లు మన వీధులలో పొరుగూళ్ల పేర్లవలె వినబడుచుండును. ఒకరు కూలికి, ఒకరు డ్రైవరు పనికి, మరియొకరు ఉమ్రా యాత్రకు పోయినవారే. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడుటకు పూర్వము బేగంపేటనుండి వెళ్లినవారును మనలో కలరు. ఇన్ని ప్రయాణములు చేసిన సమాజము ఆ ప్రయాణములు తనకు సంపాదించి పెట్టిన దానిని లెక్క చూచుకొనకపోవుట వింతయే గదా!

ఈ మైళ్ల పద్ధతి పుట్టుక ముందుగా తెలిసికొందము. అమెరికాలో 1978వ సంవత్సరపు చట్టము విమాన ఛార్జీలపైనను, మార్గములపైనను ప్రభుత్వ నియంత్రణను సడలించినది. సంస్థల మధ్య పోటీ ముమ్మరమైనది. ఒకసారి ఎక్కిన ప్రయాణికుడు మరల తమ విమానమే ఎక్కునట్లు చేయుటకు అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న ఒక పథకమును ప్రారంభించినది. ప్రయాణించిన మైళ్లను సభ్యుని ఖాతాలో వ్రాసి, అవి కొంత మొత్తమైన పిమ్మట ఉచిత టిక్కెట్టు ఇచ్చుట దాని సారాంశము. అనతికాలములోనే తక్కిన సంస్థలన్నియు ఆ బాట పట్టినవి. కిరాణా కొట్టు యజమాని పాత ఖాతాదారునకు పండుగనాడు కొసరు వేయుట మనకు తెలిసినదే. ఇది ఆ కొసరునకు శాస్త్రీయ రూపము.

ఆపై కూటములు వచ్చినవి. 1997లో ఐదు సంస్థలు కలిసి స్టార్ అలయన్స్‌గా ఏర్పడినవి. 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ వెలసినవి. ఒక కూటమిలోని ఏ సంస్థ విమానమెక్కినను, అదే కూటమిలోని వేరొక సంస్థ ఖాతాలో మైళ్లు జమ చేయించుకొనవచ్చుననుటయే వీటి ముఖ్య సూత్రము. మనకు పనికివచ్చే సంగతి యేమనగా, సౌదియా 2012లో స్కైటీమ్‌లోను, కతార్ ఎయిర్‌వేస్ 2013లో వన్‌వరల్డ్‌లోను, ఎయిర్ ఇండియా 2014లో స్టార్ అలయన్స్‌లోను చేరినవి. ఎమిరేట్స్, ఇతిహాద్ ఏ కూటమిలోను చేరలేదు గాని, విడివిడిగా కొన్ని సంస్థలతో ఒప్పందములు చేసికొనినవి. ఎమిరేట్స్‌కు ఆస్ట్రేలియా సంస్థయైన క్వాంటాస్‌తో 2013లో మొదలైన భాగస్వామ్యము ఇట్టిదే. కాబట్టి మన ప్రయాణికుడు ఏ విమానమెక్కినను అతనికి ఒకటికాదు, పలు ఖాతాల ఎంపిక కలదు.

ఈ ఎంపికలోనే కిటుకంతయు ఉన్నది. దానిని నేను పుస్తకములలో చదివి తెలిసికొనలేదు.

మా పెద్దన్న 2005నుండి 2019వరకు జిద్దాలో పనిచేసెను. రెండేండ్లకొకసారి సెలవుపై ఇంటికి వచ్చి పోవుచుండెను. బోర్డింగ్ పాసుల ముక్కలన్నిటిని బిస్కట్ల రేకు డబ్బాలో భద్రపరచుట అతని అలవాటు. ఎందుకు దాచుచున్నావని అమ్మీ అడిగితే, “ఉండనీ అమ్మీ, ఎప్పటికైనా పనికివస్తాయట” అనేవాడు. ఎట్లు పనికివచ్చునో అతనికి చెప్పినవారు లేరు. 2016లో అమ్మీకి జబ్బు తీవ్రమైనప్పుడు, సెలవు లేని కాలములో, తోడివారివద్ద అప్పు చేసి టిక్కెట్టు కొని వచ్చెను. ఆ అప్పు తీరుటకు ఎనిమిది నెలలు పట్టినది. అమ్మీ అంతవరకు ఉండలేదు. 2019లో అతడు శాశ్వతముగా తిరిగివచ్చిన పిదప, ఆ డబ్బా పట్టుకొని నేను సంబంధిత సంస్థకు వ్రాసితిని. సభ్యత్వము తీసికొనక పూర్వము చేసిన ప్రయాణములకు మైళ్లు ఇయ్యబడవని సమాధానము వచ్చినది. నియమము వారిదే, అది ముందే వ్రాసియున్నది. మేము చదువలేదు. సభ్యత్వమునకు ఒక్క పైసాయైనను ఖర్చు లేదన్న సంగతి నాకు తెలిసినది కూడ ఆనాడే.

ఆ రాత్రి కాగితము తీసికొని లెక్క వేసితిని. హైదరాబాదునుండి జిద్దాకు విమానమార్గము సుమారు 2,500 మైళ్లు. రాకపోకలకు 5,000 మైళ్లు. పదునాలుగేండ్లలో ఏడు సెలవులు, అనగా 35,000 మైళ్లు. అయితే చౌక తరగతి టిక్కెట్టుకు పూర్తి దూరము జమ కాదు. సగమే జమయగునని అనుకొందము. అప్పుడు 17,500 మైళ్లు నిలువవలెను. కాని కొన్ని పథకములలో మైళ్లకు మూడేండ్ల గడువు ఉండును. ఎమిరేట్స్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ పథకములు ఇట్టివి. రెండేండ్లకొకసారి ప్రయాణించేవాని ఖాతాలో అట్టి పథకమున ఏనాడును రెండు రాకపోకల మైళ్లకు మించి ఉండవు. మూడవ ప్రయాణము నాటికి మొదటిది మురిగిపోవును. అనగా అతని వద్ద ఎన్నడును 5,000 మైళ్లకు మించి నిలువవు. పదునాలుగేండ్లు తిరిగినను చిల్లుకుండలో నీరు పోసినట్లే.

ఇక రెండవ రకము పథకములు కలవు. అవియోస్ అనే పేరుతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ నడుపునట్టి ఖాతాలో, 36 నెలలలో ఒక్కసారియైనను జమ గాని ఖర్చు గాని జరిగినచో ఉన్న మొత్తమంతయు సజీవముగా నిలుచును. 2022లో కతార్ ఎయిర్‌వేస్ కూడ ఈ అవియోస్ నాణెమునే స్వీకరించినది. రెండేండ్లకొకసారి దోహా మీదుగా వచ్చిపోయే కార్మికునకు ఇట్టి ఖాతాలో గడువు ఎన్నడును ముగియదు. ఏడు సెలవుల మైళ్లును ఒక్కచోట నిలుచును. అదే మనిషి, అదే ప్రయాణము, అదే టిక్కెట్టు. ఒకచోట 5,000, మరొకచోట 17,500. ఈ వ్యత్యాసము విమానము వలన వచ్చినది కాదు, ఏ ఖాతా సంఖ్య వ్రాయించితిమన్న దానివలన వచ్చినది. భాగస్వామ్య సంస్థల నియమములు తెలిసికొనుట శ్రీమంతుల కాలక్షేపమని కొట్టిపారవేయువారు ఈ లెక్కను ఒక్కసారి చూడవలెనని నా మనవి.

విద్యార్థులు తమ ఇండ్లలో చెప్పదగిన నియమములు మరికొన్ని కలవు. మొదటిది, ఒక ప్రయాణపు మైళ్లు ఒకే ఖాతాలో జమయగును, రెండింట కావు. రెండవది, టిక్కెట్టుపైనుండే తరగతి అక్షరము. ఒకే వరుసలో, పక్కపక్కనే కూర్చున్న ఇద్దరిలో ఒకరి అక్షరమునకు నూరుపాళ్లు, మరొకరి దానికి ఇరువదియైదు పాళ్లు, వేరొక అక్షరమునకు శూన్యము రావచ్చును. భాగస్వామి సంస్థ విమానమెక్కినప్పుడు ఈ తేడా మరింత హెచ్చుగా ఉండును. మూడవది, పేరున్న సంస్థకు అనుబంధముగా నడిచే చౌక విమాన సంస్థ ఆ కూటమిలో ఉండునని భ్రమపడరాదు. ఎయిర్ ఇండియా స్టార్ అలయన్స్ సభ్యురాలు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కాదు. నాల్గవది, టిక్కెట్టుపై ఒక సంస్థ సంఖ్య ఉండి విమానము వేరొక సంస్థదైనప్పుడు, మైళ్లు ఎవరి నియమము ప్రకారము వచ్చునో కొనకముందే అడుగవలెను. ఐదవది, జమ కాని మైళ్లను కోరుటకు కొన్ని నెలల గడువు మాత్రమే ఉండును గనుక బోర్డింగ్ పాసును, టిక్కెట్టు నకలును అంతవరకు పారవేయరాదు.

ఆరవది పేరును గురించినది. దీనిని ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన పిల్లల ధ్రువపత్రములలో ఒకదానియందు ఎండీ అని, మరొకదానియందు మొహమ్మద్ అని, ఇంకొకదానియందు మహమ్మద్ అని ఉండును. తెలుగు పిల్లలకు ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరముగా, ఒకచోట పూర్తిగా, మరొకచోట అసలు లేకుండగనే ఉండును. పాస్‌పోర్టులో ఒక విధముగాను, మైళ్ల ఖాతాలో మరొక విధముగాను పేరున్నచో గణకయంత్రము వారిద్దరిని ఇద్దరు మనుషులుగానే భావించును. అది మన అమ్మానాన్నలను అడిగి తెలిసికొనదు గదా! ఉర్దూ ఇంటి చిక్కును, తెలుగు ఇంటి చిక్కును వేరు వేరుగా కనబడినను మందు ఒక్కటే. పాస్‌పోర్టులో ఉన్న అక్షరములు, అదే క్రమములో, ఖాతాలో వ్రాయించవలెను.

యాత్రికుల విషయము కూడ కొంత చెప్పుదును. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారు ప్రత్యేక విమానములలో సామూహిక ఏర్పాటుపై వెళ్లుదురు. వాటిలో సామాన్యముగా మైళ్లు లభించవు. ఆశించుటయు తగదు. 2018లో హజ్ రాయితీ రద్దయిన పిమ్మట యాత్ర ఖర్చంతయు యాత్రికునిదే గనుక, కనీసము ఉమ్రాకు సాధారణ విమానములలో పోవువారైనను టిక్కెట్టు బృంద ఛార్జీదా, విడి ఛార్జీదా అని ఏజెంటును అడుగుట మంచిది. బృంద ఛార్జీ చౌక కావచ్చును, దానికి మైళ్లు రాకపోవచ్చును. రెండింటిని తూచి చూచి నిర్ణయించుకొనే హక్కు కొనువానిది. సంగతి చెప్పవలసిన బాధ్యత అమ్మువానిది.

దీనిపై వినవచ్చే ఆక్షేపణలను కూడ పరిశీలింపవలెను. టిక్కెట్టు యజమాని కొనిపెట్టినప్పుడు మైళ్లు కార్మికుడు తీసికొనుట అమానత్‌కు భంగము కాదా అని కొందరు మిత్రులు అడిగిరి. ప్రశ్న గౌరవింపదగినది. ఈ పథకములలో మైళ్లు సామాన్యముగా సీటులో కూర్చున్న వ్యక్తికే చెందును, డబ్బు చెల్లించినవానికి కాదు. యజమానితో వేరే ఒప్పందమున్నచో దానిని పాటించవలెను. లేనిచో, దాచకుండ చెప్పి తీసికొనుటలో దోషము నాకు కనబడదు. ధర్మ సందేహము తీరనివారు ఆలిములను సంప్రదింతురు గాక.

ఈ కొసరు వాస్తవమునకు మన జేబులోని సొమ్మేననియు, టిక్కెట్టు ధరలోనే దానిని కలిపియుందురనియు మరియొక వాదము కలదు. అందులో సత్యమున్నది. కాని ఆ సత్యము నా వాదమునకే బలము చేకూర్చుచున్నది. కొసరు ఖర్చు అందరి టిక్కెట్టులోను కలిసియున్నప్పుడు, తీసికొననివాడు తీసికొన్నవాని కొసరునకు చందా కట్టుచున్నాడు. పైగా కాలము మారుచున్నది. డెల్టా 2015లోను, అమెరికన్ 2016లోను, ఎయిర్ ఇండియా 2024లోను తమ సొంత విమానములపై దూరమును బట్టి కాక, చెల్లించిన సొమ్మును బట్టి లెక్కగట్టుట మొదలుపెట్టినవి. అనగా పైతరగతిలో కాళ్లు చాపుకొని పోయేవానికి ఎక్కువ, వెనుక సీటులో మోకాళ్లు ముడుచుకొని పోయే కూలీకి తక్కువ. భాగస్వామి విమానములకు మాత్రము చాల పథకములు నేటికిని దూరమును, తరగతిని బట్టియే లెక్కించుచున్నవి. పేదవానికి మిగిలిన సందు ఇదొక్కటే. ఆ సందు కూడ మూసికొనిపోక ముందే దానిని ఎరుగుట వివేకము.

అయితే నేను మైళ్ల పిచ్చిని ప్రోత్సహించుటలేదు. మైళ్లకోసము ప్రయాణించుట, మైళ్లు వచ్చునని హెచ్చు ధర చెల్లించుట, మైళ్ల ఆశతో క్రెడిట్ కార్డు తీసికొని వడ్డీలో మునుగుట మూడును మూర్ఖత్వములే. రెండవ సంస్థ ఐదువేల రూపాయలు చౌకగా ఇచ్చుచుండగా మైళ్లకొరకు మొదటిదానిని ఎంచుకొనేవాడు కొండను త్రవ్వి ఎలుకను పట్టినవాడగును. ఉచిత టిక్కెట్టుపై కూడ పన్నులు, రుసుములు చెల్లించవలసియే ఉండునని మరువరాదు.

మైలు అనగా సొమ్ము కాదు, ఒక సంస్థ చేసిన వాగ్దానము మాత్రమే. 2012లో కింగ్‌ఫిషర్ విమానములు నిలిచిపోయినప్పుడు దాని సభ్యులు కూడబెట్టిన మైళ్లు ఎందుకును కొరగాకుండ పోయినవి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినది. దాని మైళ్ల పథకము వేరొక కంపెనీగా ఉండుటవలన పేరు మార్చుకొని బ్రతికినది గాని, ఎక్కుటకు ఆ విమానములే లేకపోయెను. 2024 నవంబరులో విస్తారా ఎయిర్ ఇండియాలో విలీనమైనప్పుడు సభ్యుల ఖాతాలు కొత్త సంస్థకు బదిలీ చేయబడినవి. కనుక కూడబెట్టుటతోపాటు సకాలములో వాడుకొనుట కూడ నేర్వవలెను. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొమ్మని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

ఇప్పుడు కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు లాభనష్టముల పట్టికలను వ్రాయుటలో నేర్పరులు. వారిలో నలుగురు, వారమునకొక గంట, గ్రంథాలయములో ఒక బల్ల వేసికొని కూర్చుండిన చాలును. గల్ఫునకు పోవువారు, వచ్చినవారు, వారి ఇంటివారు పాస్‌పోర్టు తెచ్చికొందురు. విద్యార్థులు వారికి తగిన ఖాతా ఏదో చూచి, ఉచితముగా సభ్యత్వము తెరిచి, సంఖ్యను కాగితముపై వ్రాసి ఇత్తురు. ఒకవైపు ఉర్దూలో, ఒకవైపు తెలుగులో పైన చెప్పిన ఆరు నియమములు అచ్చువేసిన ఒక చిన్న పత్రమును వారి చేతికిత్తురు. నియమములు తరచు మారును గనుక ఏటేటా దానిని సరిచూడవలెను. రహస్య సంకేతపదమును మాత్రము ఖాతాదారుడే ఉంచుకొనవలెను, విద్యార్థి అడుగరాదు. దీనికి కళాశాలకు అగు ఖర్చు ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కొంత కాగితము.

ఈ పనివలన మైళ్లకంటె పెద్ద లాభము వేరొకటి కలదు. మైళ్ల నియమము చదువగలిగినవాడు ఉద్యోగ ఒప్పందమును కూడ చదువగలడు. టిక్కెట్టుపై చిన్న అక్షరమును అడుగ నేర్చినవాడు ఏజెంటు ఇచ్చిన రసీదులో లేని సొమ్మును కూడ అడుగును. వీసా తరగతిని అడుగును. జీతపు చీటీని అడుగును. అడుగనిదే అమ్మయైన పెట్టదందురు. మన కార్మికుడు ఆకలి దాచుకొనుట నేర్చినాడు గాని అడుగుట నేర్వలేదు. అతని కుమారుడో, కుమార్తెయో నేడు ఈ కళాశాలలో చదువుచున్నారు. వారు అతనికి అడుగుట నేర్పిననాడు ఈ చదువు సార్థకమగును.

మా అన్న రేకు డబ్బా నేటికిని మా ఇంటి అటుకుమీద ఉన్నది. దానిలోని కాగితములకు విలువ లేదని తెలిసియు అతడు పారవేయనీయడు. గత సంవత్సరము అతని పెద్దకుమారుడు దోహాకు ఉద్యోగమునకై బయలుదేరినాడు. టిక్కెట్టు తీయుటకు ముందురోజే వాని పేర ఖాతా తెరిపించితిని. శంషాబాదులో వీడ్కోలు చెప్పునప్పుడు అన్న వానిని దగ్గరకు తీసికొని దీవించి, “నంబరు రాయించినవా బేటా?” అని అడిగెను. వాడు తల ఊపెను. రెండువారముల పిదప వాని ఖాతాలో మైళ్లు జమయైనవి. అంకె చిన్నదే. కాని మా ఇంటిలో అది మొదటి జమ.